బేసినులో గోరువెచ్చని నీళ్ళు

సైలెన్స్ ట్రస్క్‌కు ఆ పేరు పెట్టింది వాళ్ళ నాన్న. సభలో స్త్రీలు మౌనంగా ఉండాలని పౌలు రాశాడు కదా, ఆ మాట కూతురు చచ్చేదాకా మరిచిపోకూడదని ఆయన ఉద్దేశం. పేరు పెట్టినంత మాత్రాన మనిషి నోరు కుట్టేసుకుంటుందా అని మీరు అడగొచ్చు. ఆవిడ నిజంగానే కుట్టేసుకుంది. బయట ఆవిడ నాలుక పదునే గాని, మార్ష్‌ఎండ్ సభామందిరంలో మాత్రం కీర్తన పాడేటప్పుడు తప్ప ఆవిడ గొంతు విన్నవాళ్ళు లేరు. ఒకే ఒక్కసారి మాట్లాడింది. ఆ రోజుతో ఆవిడకు ఊళ్ళో నూకలు చెల్లాయి. మాట్లాడినందుకు కాదు, వీపు తిప్పినందుకు వెళ్ళగొట్టామని పెద్దలు ఇప్పటికీ అంటారు. ఆ తేడా వాళ్ళకు చాలా ముఖ్యం.

ఆవిడ మొగుడు హిజ్కియా పీపాలు చేసేవాడు. ఉప్పు చేపకు, సారాకు, పిండికి ఊరంతటికీ అతని పీపాలే. మంచివాడు, మాట తక్కువ. వాళ్ళకు మొదటి కొడుకు నడి చలికాలంలో పుట్టాడు. పుట్టిన తరవాత వచ్చే మొదటి విశ్రాంతి దినాన, అంటే ఆదివారం, బిడ్డకు బాప్తిస్మం ఇప్పించాలి. అది మా ఊరి కట్టడి. గాలివానైనా మంచైనా దానికి మినహాయింపు లేదు. సభామందిరంలో పొయ్యి ఉండదు. దేవుడి మాట వినడానికి వచ్చినవాళ్ళకు వెచ్చదనం ఎందుకని. ఆ రోజు బేసినులో నీళ్ళు పేరుకుపోతే పాస్టర్ ఆల్డ్రిడ్జ్‌గారు కత్తి పిడితో మంచు పగలగొట్టి, ఆ నీళ్ళే దోసిట పట్టి బిడ్డ మాడు మీద పోశారు. వారం తిరక్కుండానే బిడ్డ దగ్గి దగ్గి పోయాడు.

"ముద్ర పడ్డ బిడ్డ. దేవుడి మందలో చేరాడు. సంతోషించండి" అన్నారు పాస్టరుగారు. సంతోషించడానికి సైలెన్స్ శాయశక్తులా ప్రయత్నించింది.

మళ్ళీ చలికాలానికి రెండోవాడు పుట్టాడు. గుమ్మం సగం దాకా మంచు. ఈసారి సైలెన్స్ బిడ్డను కావలించుకుని వదల్లేదు.

"ఒక్క వారం ఆగుదాం. కాస్త ఎండ పొడ కనబడనీ" అంది మొగుడితో.

హిజ్కియా తల పట్టుకున్నాడు, కాని బలవంతం చెయ్యలేదు. ఎండ రాలేదు. బిడ్డ మాత్రం పోయాడు, నీళ్ళు పడకుండానే. పీపా చెక్కలు కోసి హిజ్కియా చిన్న పెట్టె చేశాడు. తరవాతి ఆదివారం పాస్టరుగారు ప్రసంగ పీఠం మీంచి, ముద్ర పడని గొర్రెపిల్ల మందలోది అవునో కాదో తాను చెప్పలేనన్నారు. పేరు ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరం ఎవరికుంది? మందిరమంతా ఆవిడ వైపే చూసింది. హిజ్కియా కూడా ఆ సంగతి ఆవిడ దగ్గర బతుకంతా ఒక్కసారే ఎత్తాడు. అది కూడా జ్వరంలో, పోయే ముందు. "నీళ్ళయినా పడనిచ్చావు కాదు" అన్నాడు. ఒక్కసారే అన్నా, ఆవిడ చెవిలో అది రోజూ వినిపించేది.

ఇద్దరు కొడుకులు సమాధుల్లో పక్కపక్కనే ఉన్నారు. ఒకణ్ణి నీళ్ళు తీసుకుపోయాయి. ఇంకొకణ్ణి నీళ్ళు లేకపోవడం తీసుకుపోయింది. ఏం చేసి ఉంటే ఇద్దరూ దక్కేవారో ఆవిడకు తెలియలేదు. నాకూ తెలియదు. గడ్డికోత రోజుల్లో పుట్టిన కూతురు తబిత ఒక్కతే మిగిలింది.

ఏటా ఆకురాలే కాలంలో చెప్పులు కుట్టే ఓబద్యా ఊళ్ళోకి వచ్చేవాడు. ఇంటింటా కూచుని, ఆ ఇంటి తోలుతోనే ఇంటిల్లిపాదికీ జోళ్ళు కుట్టి, వాళ్ళు పెట్టిందే తిని, ఇంకో ఇంటికి పోయేవాడు. చేతికి ఎంత పనో నోటికీ అంతే పని. హిజ్కియా పోయిన ఏడు సైలెన్స్ పొయ్యి దగ్గర కూచుని కుడుతూ, ఓబద్యా గొంతు తగ్గించి అన్నాడు.

"వదినా, అడుగుతానని కోప్పడకు. పసిగుడ్డు ఏం పాపం చేసిందని దానికి నీళ్ళు? బుద్ధి తెలిసినవాడు తనంతట తాను ఏట్లో దిగి మునగాలి. అదీ బాప్తిస్మం. అంతదాకా పిల్లలు దేవుడి పిల్లలే. మీ పాస్టరుగారి పశువులు కావు, వాతలు పెట్టడానికి."

"మెల్లగా మాట్లాడు. గోడకు చెవులున్నాయి."

"గోడకుంటే విననీ. దానికైనా బుద్ధొస్తుంది."

సైలెన్స్ నిప్పు ఎగదోసింది. తరవాత అటు తిరిగే అడిగింది. "మరి నీళ్ళు పడకుండా పోయినవాడు?"

"వాడికేంటి? మనకంటే హాయిగా ఉంటాడు."

ఆవిడ లేచి పశువుల పాకలోకి వెళ్ళి ఆవు మెడ పట్టుకుని ఏడ్చింది. ఇన్నేళ్ళలో ఆ మాట ఒక్కరన్నా అన్నారా! పెద్ద చదువులు చదివిన పాస్టరుగారికి రాని మాట, చెప్పులు కుట్టేవాడికి దారంతో పాటు వచ్చేసింది.

ఓబద్యా మతంలో ఆవిడ చేరిందని ఊరు అనుకుంది. అదేం లేదు. ఏట్లో మునగడాలు, వాక్య వివాదాలు ఆవిడ బుర్రకు ఎక్కలేదు. ఆవిడకు తట్టింది ఒక్కటే. పసిబిడ్డకు ఆ నీళ్ళు తప్పనిసరి అయితే నా కొడుకు నరకంలో ఉన్నట్టు. వాళ్ళు నీళ్ళు పోసేటప్పుడు నేను ఎదురుగా నిలబడి చూశానంటే, ఆ మాట నేనూ ఒప్పుకున్నట్టు. అందుకని తరవాతి బాప్తిస్మానికి బేసిను బయటికి రాగానే, సైలెన్స్ లేచి నిలబడి, అందరూ చూస్తుండగా వెనక్కి తిరిగింది. గోడకేసి చూస్తూ నిలబడింది. నీళ్ళ కార్యం అయ్యాక మళ్ళీ ఇటు తిరిగి కూచుంది.

మిగతా నేరాలకు మా ఊళ్ళో సాక్ష్యాలు కావాలి. దీనికి అక్కర్లేదు. పసిబిడ్డ బాప్తిస్మానికి వీపు తిప్పడమంటే ఓబద్యా మతంవాళ్ళ గుర్తు, అది పసిపిల్లలు కూడా చెప్పగలరు. ఓబద్యాను స్తంభానికి కట్టి కొరడాతో కొట్టి, దక్షిణాన, ఏ మతంవాళ్ళనైనా ఉండనిచ్చే రోడ్ ఐలండ్‌కు తరిమేశారు. సైలెన్స్‌ను పెద్దలు పిలిచి నిలదీశారు. ఆవిడ పేరుకు తగ్గట్టే ఏం పలకలేదు. రెండోసారి తిప్పినప్పుడు ఆవిణ్ణి ఆడవాళ్ళ బల్లల్లోంచి లేపి, ప్రసంగ పీఠం కింద, జనానికి ఎదురుగా, సిగ్గు బల్ల మీద కూచోబెట్టారు. ఇంకొక్కసారి తిప్పితే సంఘంలోంచి వెలి, ఆపైన దేశంలోంచి వెలి అని తీర్పు చెప్పారు.

మందిరంలో నిద్రపోయేవాళ్ళను పొడుగు కర్రతో పొడిచి లేపే యోషీయా పెల్‌కు అది మహా సరదా అయింది. గుమ్మం దగ్గర ఆపి అన్నాడు. "ఏం వదినా! గవర్నరుగారి పెళ్ళాంలా ముందు వరసలో కూచున్నావు!"

"చోటు నచ్చిందా? పెద్దలతో చెప్పి నీకూ ఇప్పిస్తా. నువ్వు కునుకు తీసేది ఎవరూ చూడట్లేదు పాపం" అంది సైలెన్స్. యోషీయా కర్ర సర్దుకున్నాడు.

తబిత అప్పటికే పెళ్ళయి కడుపుతో ఉంది. అల్లుడు ఎబెనెజర్ మామగారి పీపాల పని అందుకున్నాడు, అదే ఇంట్లో ఉంటున్నారు. కాన్పు చలికాలంలో పడకూడదని సైలెన్స్ నెలలు లెక్కపెట్టుకునేది. అనుకున్నంతా అయింది. ఎముకలు కొరికే చలిలో ఆడపిల్ల పుట్టింది, పిడికెడంత. కెజీయా అని పేరనుకున్నారు.

"ఆదివారం బిడ్డను తీసుకెళ్తారమ్మా" అంది తబిత మంచం మీంచి. బాలింత గనక తను వెళ్ళకూడదు.

"బావి గిలక కూడా బిగుసుకుపోయిందే. కాస్త ఆగితే కొంపలేం మునుగుతాయి? ఎండ కాయనీ."

తబిత చాలాసేపు తల్లి మొహంలోకి చూసింది. "అన్నయ్యప్పుడు కూడా ఇదే మాట అన్నావట. నాన్న చెప్పాడు."

సైలెన్స్ కూతురి దుప్పటి సర్దింది.

"నేను నిన్నేం అనట్లేదమ్మా. నాకు భయమేస్తోంది. నీళ్ళు పడకుండా దీనికేమన్నా అయితే నేను నీలాగా బతకలేను. నాకు దీని బాప్తిస్మం కావాలి, నువ్వూ కావాలి. ఇంకోసారి వీపు తిప్పావంటే నిన్ను నాకు లేకుండా చేస్తారు. ఎదురుగా తిరిగి నిలబడతానని మాటివ్వు."

"సరే."

"సరే కాదు. మాటిస్తున్నానని చెప్పు."

"మాటిస్తున్నానే తల్లీ" అని సైలెన్స్ బిడ్డను చేతుల్లోకి తీసుకుంది. బిడ్డ తల మీద పుట్టు జుట్టు కింద మెత్తటి చోటు టపటపా కొట్టుకుంటోంది. ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలంటే తను ఆ నీళ్ళను కళ్ళారా చూడాలి. చూడాలంటే, ఆ నీళ్ళు ఈ చోటును చంపేవి కాకూడదు. పోనీ నరకం సంగతి దేవుడికే వదిలేద్దాం, ముందు పిల్ల బతకనీ అనుకుంది. అప్పుడు తట్టింది ఆవిడకు ఆ ఉపాయం.

చలికాలంలో ఆడవాళ్ళు మందిరానికి కాళ్ళ కింద చిన్న కుంపటి తెచ్చుకుంటారు. దానికి అభ్యంతరం లేదు. శనివారం పొద్దుగూకక ముందే సైలెన్స్ నీళ్ళు తోడిపెట్టింది, నిప్పూ రాజేసింది. విశ్రాంతి దినాన పని చేసిందనడానికి వీల్లేకుండా అన్నీ ముందే. ఆదివారం సభకు పిలిచే డ్రమ్ము మోగగానే కుంపటి ఒక చేత, పైబట్ట కింద మూతి బిగించిన మట్టి జగ్గు ఒక చేత పట్టుకుని వెళ్ళి సిగ్గు బల్ల మీద కూచుంది. జగ్గును కుంపటి మీద పెట్టి, లంగా కుచ్చెళ్ళు కప్పింది. బేసిను ఆవిడకు చెయ్యి చాపితే అందేంత దూరంలోనే ఉంది. అవమానించడానికి వాళ్ళు ఇచ్చిన చోటే ఆవిడకు కలిసొచ్చింది.

మధ్యాహ్నం ప్రసంగం ముగిసింది. ఎబెనెజర్ బిడ్డను దుప్పట్లో చుట్టి తీసుకొచ్చి నిలబడ్డాడు. బాప్తిస్మానికి ముందు ప్రార్థన మొదలైంది. పాస్టరుగారి ప్రార్థనలు పొడుగు. కళ్ళు మూసుకుని అందరూ లేచి నిలబడ్డారు. యోషీయా పెల్ కూడా కర్ర ఆనుకుని కళ్ళు మూశాడు. సైలెన్స్ జగ్గు మూత తీసి, పసిబిడ్డకు లాల పోసేటప్పుడు చూసినట్టే మోచేతి మీద రెండు చుక్కలు వేసుకుని చూసింది. కాలడం లేదు. చప్పుడు కాకుండా బేసినులోకి వంచింది. పైన పేరుకున్న మంచు పొర కరిగిపోయింది. జగ్గు మళ్ళీ లంగా కిందికి వెళ్ళిపోయింది. చాలా ఏళ్ళ తరవాత ఆవిడకు మనసు తేలిక పడింది. ఎదురుగా తిరిగి, తల ఎత్తి నిలబడింది.

ఒక్కటి మరిచిపోయింది. జీవితమంతా పొయ్యి ముందు గడిపిన మనిషి, ఆ చలిలో నీళ్ళకు ఆవిరి లేస్తుందని మరిచిపోయింది.

"ఆమేన్" అని అందరూ కళ్ళు తెరిచారు. బేసినులోంచి తెల్లగా ఆవిరి సుళ్ళు తిరుగుతూ పైకి లేస్తోంది.

"పొగ!" అని ఆడవాళ్ళ వైపు నుంచి ఎవరో కేక పెట్టారు. "నీళ్ళలోంచి పొగ!"

మావాళ్ళ సంగతి తెలిసిందే కదా. పాలు విరిగినా గుర్తే, పిట్ట గోడకు కొట్టుకున్నా గుర్తే. పైవాడో కిందివాడో ఏదో చెప్తున్నాడనే తప్ప, ఊరికే జరిగింది అనుకోవడం వాళ్ళకు చేతకాదు. వేడినీళ్ళు అన్న మాట అంత మందిలో ఒక్కరికీ తట్టలేదు.

పాస్టరుగారి చెయ్యి బేసిను మీద ఆగిపోయింది. "ఎబెనెజర్, ఈ నీళ్ళు ఎక్కడివి?"

"మా బావివేనండీ. పొద్దున్నే మంచు పగలగొట్టి తెచ్చాను."

"నిప్పు మీద పెట్టావా?"

"లేదండీ. లేదు. మా ఇంట్లో ఎవర్నన్నా అడగండి."

"బిడ్డను దగ్గరికి తేగానే లేచింది పొగ! నేను చూశాను!" అన్నాడు యోషీయా. వాడు చూసింది వాడి రెప్పల లోపలి చీకటి.

"పుట్టినప్పుడు బిడ్డ ఒంటి మీద దెయ్యపు గుర్తేమన్నా ఉందేమో మంత్రసానిని పిలిచి అడగండి" అని ఒక పెద్దమనిషి అన్నాడు. బల్లల మీద మనుషులు వెనక్కి జరుగుతున్నారు. ఎబెనెజర్ చేతిలోని మూట వంక చూసే చూపులు సైలెన్స్ చూసింది. ఆ చూపులు ఒకసారి అంటుకున్నాయంటే ఆ పిల్లను పెళ్ళీడు దాకా వదలవు. ఆ పిల్ల ఏ పాకలోకి వెళ్ళినా ఆవు పాలివ్వలేదంటారు.

పాస్టరుగారు చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "ఈ బిడ్డకు బాప్తిస్మం ఆపుతున్నాను. ఊరంతా ఉపవాసముండి ప్రార్థిద్దాం. తల్లిని కూడా ప్రశ్నించాల్సి ఉంటుంది."

"నేనే పోశాను."

ఆ గొంతు ఎవరిదో చాలామందికి వెంటనే తెలియలేదు. సైలెన్స్ జగ్గు పైకెత్తి పట్టుకుంది.

"దెయ్యం లేదు, గియ్యం లేదు. వేడినీళ్ళు. కుంపటి మీద కాచి నేనే పోశాను, మీరంతా కళ్ళు మూసుకున్నప్పుడు. పిల్లకు చలేస్తుందని. మోచెయ్యి పెట్టి చూశాను కూడా, కాలవు. తబితకు తెలియదు, అల్లుడికి తెలియదు. వాళ్ళనేం అనకండి."

ఎవరో ఫక్కున నవ్వి, వెంటనే నోరు మూసుకున్నారు. మందిరమంతా ఊపిరి పీల్చుకుంది. దెయ్యం కంటే ముసలమ్మ నయం కదా. బిడ్డ మీద చూపులన్నీ వచ్చి ఆవిడ మీద పడ్డాయి. ఆవిడకు కావలసిందీ అదే.

పాస్టరుగారు అక్కడితో ఆపి ఉండొచ్చు. చేతిలో వెచ్చటి నీళ్ళున్నాయి, ఎదురుగా బిడ్డ ఉంది. నీళ్ళు వెచ్చగా ఉండకూడదని ఏ వాక్యమూ లేదు. కాని ఆయనా పిల్లల్ని పోగొట్టుకున్నవాడే. వాళ్ళందరికీ మంచు పగలగొట్టి తన చేత్తోనే పోశారు. వేడినీళ్ళు చాలునని ఆ రోజు ఒప్పుకుంటే, ఆ పిల్లల విషయంలో ఆయన తనకు తాను ఏం చెప్పుకోవాలి? ఇది నా ఊహ. ఆయన మొహం మాత్రం సున్నం కొట్టినట్టు పాలిపోయింది.

"ఆ నీళ్ళు పారబోయండి. బావి నీళ్ళు తెండి" అన్నారు.

బేసిను తీసుకెళ్ళి గుమ్మం బయట ఒంపేశారు. కొత్త నీళ్ళొచ్చాయి, మంచు ముక్కలు తేలుతున్నాయి. బిడ్డ టోపీ ముడి విప్పడానికి ఎబెనెజర్‌కు చాలాసేపు పట్టింది.

"ఇటు చూడు సైలెన్స్ ట్రస్క్. ఎదురుగా నిలబడి చూడు" అన్నారు పాస్టరుగారు.

ఆవిడ చూసింది. కూతురికి ఇచ్చిన మాట కోసం పళ్ళు బిగపట్టి చూసింది. టోపీ ఊడింది. మెత్తటి చోటు కొట్టుకుంటోంది. పాస్టరుగారి చెయ్యి నీళ్ళలో మునిగి పైకి లేచింది. అప్పుడు ఆవిడ తిరగాలనుకోలేదు. కాళ్ళే తిరిగాయి. గోడకేసి మొహం పెట్టుకుని నిలబడింది. మతం లేదు, వాదం లేదు, ఆ మంచునీళ్ళు పడటం చూడలేకపోయింది, అంతే. వెనక బిడ్డ గుక్కపెట్టి ఏడ్చింది. ఆ ఏడుపు ఉన్నట్టుండి, మధ్యలోనే ఆగిపోయింది. ఎందుకు ఆగిందో ఆవిడకు కనబడలేదు. వెనక్కి తిరిగేలోపే జవాన్లు రెక్క పట్టుకుని పక్క తలుపులోంచి బయటికి తీసుకుపోయారు.

జవాను ఇంటి వెనక కొట్లో పెట్టి తాళం వేశారు. మంచు కరిగి బండి దారి తెరుచుకోగానే పంపేయాలని న్యాయస్థానం చెప్పింది. వేడినీళ్ళ ఊసే తీర్పులో లేదు. మూడోసారి వీపు తిప్పింది, అంతే. వెలి వేశారు గనక ఆవిడతో ఎవరూ మాట్లాడకూడదు, తినకూడదు, చేయి ఊపకూడదు. జవాను పెళ్ళాం రోజూ జావ తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్ళేది.

"అమ్మా, ఒక్క మాట. పిల్ల ఉందా?" అని సైలెన్స్ రోజూ అడిగేది. "నోటితో చెప్పొద్దు. తల ఊపు చాలు."

ఆవిడ తల ఊపేది కాదు. భయస్తురాలు. తల ఊపితే ఏమవుతుందని అడిగేవాడు మా ఊళ్ళో ఎవడు?

కొట్లోంచి పీపాల షెడ్డు చప్పుడు వినబడేది. పీపాకు కట్టు బిగించే దెబ్బ గుండ్రంగా తిరుగుతూ వస్తుంది. ఆ చప్పుడు వింటూ సైలెన్స్ కాస్త కుదుటపడేది. ఇంట్లో పని సాగుతోందంటే అంతా బాగానే ఉందని అర్థం. ఒక రోజు వేరే చప్పుడు వచ్చింది. ఒకేచోట దెబ్బ మీద దెబ్బ, ఆగి మళ్ళీ దెబ్బ. మేకులు. పీపాకు మేకు ఉండదు. ఆ షెడ్లో మేకుల చప్పుడు ఆవిడ అంతకు ముందు విన్నది రెండుసార్లే. రెండుసార్లూ హిజ్కియా చిన్న పెట్టె చేశాడు.

ఆ రోజు నుంచి ఆవిడ జవాను పెళ్ళాన్ని ఏమీ అడగలేదు. జావ కూడా చాలా రోజులు గుమ్మంలోనే ఉండిపోయింది.

మంచు కరిగింది. దారి బురదయింది. ఎద్దుబండి తెచ్చి ఆవిణ్ణి ఎక్కమన్నారు. బండిలో ఒక కొత్త చెక్కపెట్టె ఉంది, పీపా చెక్కలతో చేసి, మేకులు కొట్టి. సైలెన్స్ దాన్ని చూసి కొయ్యబారిపోయింది. తరవాత, మూత తాడుతో కట్టి ఉందని, ఆ సందులోంచి తన ఉన్ని లంగా కొస వేలాడుతోందని గమనించింది. అల్లుడు ఆవిడ ప్రయాణానికి బట్టల పెట్టె చేసి పంపాడు. ఆ మేకులు దీనికేనా? ఇంకోటి కూడా చేశాడా? పెట్టె మీద చెయ్యి వేసుకుని కూచుంది. అడగడానికి పక్కన మనిషంటూ లేడు. బండివాడికి కూడా మాట్లాడకూడదనే ఆజ్ఞ.

ఊరంతా దారికి రెండు వైపులా నిలబడింది. పోయేటప్పుడు ఆవిణ్ణి చూడకూడదన్నారు గాని రాకూడదనలేదుగా. బండి దగ్గరికి రాగానే ఒక్కొక్కరే వెనక్కి తిరిగారు. ఏ పని చేసినందుకు ఆవిణ్ణి పంపేస్తున్నారో, ఆ పనే ఊరంతా చేసింది. యోషీయా పెల్ అందరికంటే ముందు తిరిగాడు. అందులోని ఎగతాళి ఆ మహానుభావులకు తట్టి ఉండదు. సైలెన్స్ కూడా ఆ వీపుల్ని చూడటం లేదు. ఆవిడ కళ్ళు ఒక్క మనిషి కోసమే వెతుకుతున్నాయి.

తబిత చివర్లో, దడి దగ్గర నిలబడి ఉంది. మనిషి సగమైంది. బండిని దూరం నుంచే చూసి, అందరిలాగే వెనక్కి తిరిగింది. ఆ వీపును చూడగానే సైలెన్స్‌కు ప్రాణం పోయినంత పనయింది. చేతులు కనబడటం లేదు. బిడ్డ ఉందో లేదో తెలియడం లేదు. మాట తప్పిన తల్లికి ఇదే తగిన శాస్తి అనుకుంది.

బండి సరిగ్గా తన వెనక్కి వచ్చేసరికి, తబిత రొమ్ముకు హత్తుకున్న మూటను పైకి ఎత్తి భుజాన వేసుకుంది.

టోపీ కింద ఎర్రటి బుగ్గలు. చీమిడి ముక్కు. కెజీయా తల్లి భుజం మీద గడ్డం ఆనించి, ఎద్దు కొమ్ముల్ని, బండిని, బండిలోని ముసలమ్మను కళ్ళింత చేసుకుని చూసింది. సైలెన్స్ పిలవలేదు, చెయ్యి ఊపలేదు. చూస్తూనే ఉంది. బండి మలుపు తిరిగేదాకా తబిత వీపు తిప్పే నిలబడింది గాని, బిడ్డను మాత్రం భుజం మీంచి దించలేదు.